నా పేరు దానికొద్దు

మా అమ్మాయి తన కూతురికి నా పేరు పెడతానన్న రోజు నుంచి నేను కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఆ మాట అన్నది పాప పుట్టిన మర్నాడు, ఆస్పత్రి మంచం మీద, దిండుకు ఆనుకుని సరిగా కూర్చోనైనా లేని స్థితిలో. "అమ్మా, దీనికి నీ పేరే పెడదాం. హాజరా." నేను ఫ్లాస్కు మూత బిగిస్తూ వినపడనట్టు నటించాను. అది ఊరుకుంటుందా? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. ఎవరి పోలికో వేరే చెప్పక్కర్లేదు.

మా ఇంట్లో బిడ్డకు పేరు చెప్పే పెద్దరికం పెద్ద ఆడదానిది. మా అల్లుడి తల్లి ఎప్పుడో పోయింది కాబట్టి ఆ పెద్దరికం వచ్చి నా నెత్తిన కూర్చుంది. ఆరో రోజున నేను మౌల్వీగారికి పేరు చెప్పాలి. ఆయన దాని అర్థం మంచిదో కాదో చూసి, కాగితం మీద అరబీలో రాసుకుని, ఏడో రోజు పొద్దున నలుగురి మధ్యా బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చదువుతారు. కన్నతల్లి ఏ పేరైనా కోరుకోవచ్చు, కానీ నేను చెప్పిందే పేరు. ఆ ధైర్యంతోనే నాలుగు రోజులు నెట్టుకొచ్చాను.

నేను వద్దు వద్దంటుంటే అది వినయం అనుకున్నాడు మా అల్లుడు. "అత్తయ్యా, సిగ్గుపడకండి, మంచి పేరే కదా" అన్నాడు. అతను లిఫ్టు మెకానిక్కు. రోజంతా పైకీ కిందికీ తిరిగొచ్చినా ఇంట్లో మాత్రం నిలకడగా, నవ్వుతూ ఉంటాడు. అతనితో ఏం చెప్పను? సిగ్గు కాదు నాయనా, భయం.

హాజరా ఎవరో మావాళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇబ్రాహీం ప్రవక్త భార్య. పాలు తాగే బిడ్డతో ఆమెను నీటిచుక్క లేని లోయలో దింపి, ఒక సంచి ఖర్జూరాలు, ఒక తోలుతిత్తి నీళ్ళు ఇచ్చి ఆయన వెళ్ళిపోయాడు. తిత్తిలో నీళ్ళయిపోయాయి. బిడ్డ గుక్కపట్టాడు. ఎవరైనా కనిపిస్తారేమోనని ఆమె సఫా కొండకూ మర్వా కొండకూ మధ్య ఏడుసార్లు తిరిగింది. చివరికి దేవదూత వచ్చాడు, బిడ్డ ఉన్నచోట నేలలోంచి నీళ్ళు పుట్టాయి. అదే జమ్‌జమ్. మా అమ్మ ఈ కథ చెప్పి, "అంత గొప్ప తల్లి పేరు నీకు పెట్టాం" అని మురిసిపోయేది. బళ్ళో హాజరు వేసేటప్పుడు పిల్లలు కిసుక్కున నవ్వడం తప్ప, నాకు ఆ పేరుతో పేచీ ఉండేది కాదు.

పేచీ నా ఇరవై రెండో ఏట మొదలైంది. అప్పుడు మా అమ్మాయి ఏడు నెలల పసిది. ఒకటే గది ఉన్న అద్దె ఇల్లు. మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ గుమ్మంలో నిలబడి, "హాజరా, నాలుగు రోజుల్లో వచ్చేస్తా" అన్నాడు. పాతికేళ్ళయింది, ఆ నాలుగు రోజులు ఇంకా పూర్తి కాలేదు. చచ్చిపోనూ లేదు, తప్పిపోనూ లేదు. వేరే ఊళ్ళో వేరే సంసారం పెట్టాడని ఏడాదికి కబురొచ్చింది. ఆ పేరు పెట్టుకున్నందుకు ఆ గతే పట్టిందని నాకు నేను తీర్పు చెప్పుకున్నాను. మా అమ్మ మురిసిపోతూ పెట్టిన పేరు, చంకలో బిడ్డతో నన్ను నడివీధిలో నిలబెట్టింది. ఇప్పుడు అదే పేరు తీసుకెళ్ళి ఆరు రోజుల పసిగుడ్డు నుదుట రాయమంటున్నారు.

ఆరో రోజు పొద్దున పనిలోకి వెళ్ళాను. బైండింగు షాపులో నాది కుట్టు బల్ల. ఫారాలు, అంటే మడిచిన అచ్చు కాగితాలు, వరసగా పేర్చుకోవడం, దబ్బనంతో పొడవడం, మైనం రాసిన దారంతో బిగించి కుట్టడం, వీపున జిగురు పూసి అట్ట వేయడం. ఈ పని నాకు కళ్ళు మూసుకున్నా వచ్చు. వీధిలో అందరికీ నేను బైండింగమ్మనే. అసలు పేరేమిటని అడిగినవాళ్ళు లేరు, అడిగితే నేను చెప్పే రకమూ కాదు.

ఆ పొద్దున బల్ల మీద పదిహేను ఖాయిదాలున్నాయి. పిల్లలు అరబీ అక్షరాలు నేర్చుకునే పలచటి పుస్తకాలు. మసీదు పక్కన మౌల్వీగారు పిల్లలకు చదువు చెబుతారు, పుస్తకాలు చిరిగినప్పుడల్లా మా షాపుకే పంపుతారు. నేను కుడుతున్నాను, లేస్తున్నాను, మంచినీళ్ళు తాగుతున్నాను, మళ్ళీ కూర్చుంటున్నాను. కాసేపు కూతురికి ఏమని చెప్పాలా అని, కాసేపు అసలు చెప్పడం దేనికని. కటింగు మిషను దగ్గరుండే పెద్దాయన్ని మేం కత్తిమామ అంటాం. ఆయన నావైపు చూసి, "ఏమ్మా, బల్ల మీద ముళ్ళున్నాయా?" అన్నాడు.

"నీ నోట్లో ఉన్నాయి" అన్నాను.

"మనవరాలు పుట్టిందన్న సంతోషం మొహంలో ఎక్కడా కనబడదేంటి మరి! ఆలు లేదు చూలు లేదు అన్నట్టు కొందరు ముందే పేర్లు పెట్టుకుంటారు. మీకేమో పిల్ల పుట్టి ఆరు రోజులైనా పేరు లేదు."

"పేరుందిలే. నువ్వు కాగితం కొయ్యి."

పదిహేనూ కుట్టేసి, అట్టలు వేసి, బరువు కింద పెట్టాను. మధ్యాహ్నం మౌల్వీగారు స్వయంగా వచ్చారు. సన్నటి మనిషి, గడ్డం తెల్లబడింది, మాట మెత్తన. ఒక ఖాయిదా తీసి తెరిచారు. మూశారు. అటు తిప్పి మళ్ళీ తెరిచారు. ఇంకోటి తీశారు. నాకందించారు.

తెరిచి చూశాను. అరబీ పుస్తకం కుడి నుంచి ఎడమకు చదువుతారు కాబట్టి దాని కుట్టు కుడివైపు రావాలి. మామూలు పుస్తకాలకేమో ఎడమవైపు. ఇది మా పనిలో మొదటి రోజు నేర్పే పాఠం. ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తప్పని దాన్ని, పదిహేనింటికి పదిహేనూ ఎడమవైపు కుట్టిపారేశాను. కత్తిమామ తొంగిచూసి నోరు తెరిచాడు. నా మొహం చూసి మళ్ళీ మూసుకున్నాడు, అదృష్టవంతుడు.

"ఇప్పుడే విప్పి కుట్టిస్తా. ఒక్క గంట" అన్నాను. బ్లేడు అందుకున్నాను.

"తొందరేం లేదమ్మా. నేను కూర్చుంటా" అని ఆయన స్టూలు లాక్కున్నారు. "చేతులు పక్క మారాయంటే మనసు ఎక్కడో ఉన్నట్టు. పేరు సంగతేనా?"

నేను బ్లేడుతో కుట్లు తెంపుతూ, తల ఎత్తకుండా చెప్పాను. "సకీనా అని రాసుకోండి."

"చాలా మంచి పేరు. విశ్వాసుల గుండెల్లోకి అల్లా దింపే నెమ్మది. గ్రంథంలోనే ఉంది ఆ మాట." జేబులోంచి కాగితం తీసి, కలం మూత తీసి ఆగారు. "మీ అల్లుడు మొన్న నమాజుకి వచ్చినప్పుడు వేరే పేరు చెప్పాడే."

"అది నా పేరు. నా పేరు దానికొద్దు."

"ఎందుకమ్మా?"

నాకు కోపం తన్నుకొచ్చింది. ఎవరి మీదో ఈనాటికీ నాకు తెలీదు. "మౌల్వీగారూ, ఒకటి అడుగుతా, తప్పనుకోకండి. ఆ తల్లిని వదిలి వెళ్ళమని ఇబ్రాహీం ప్రవక్తకి దేవుడు చెప్పాడు. బాగుంది. మా ఆయనకి ఎవరు చెప్పారు?"

కత్తిమామ మిషను ఆపేశాడు. మౌల్వీగారు కాగితం ఒళ్ళో పెట్టుకున్నారు. ఏదో ఒక పెద్ద మాట చెప్పి నా నోరు మూయిస్తారనుకున్నాను. సిద్ధంగానే ఉన్నాను.

"ఎవరూ చెప్పలేదమ్మా" అన్నారు. "అతను చేసింది తప్పు. దానికి ఆ కథ అడ్డం పెట్టేవాడెవడైనా ఉంటే వాడిదీ తప్పే."

ఆ జవాబుకు నేను సిద్ధంగా లేను. పాతికేళ్ళలో ఎవరూ నాతో ఆ మాట అనలేదు. ఓర్చుకో అన్నారు, రాసిపెట్టి ఉంది అన్నారు, నీ నోరు కాస్త తగ్గించుకుని ఉంటే అని కూడా అన్నారు. దారం ముడి కళ్ళకు ఆనలేదు. కొంగుతో తుడుచుకుని కుట్టడం మొదలుపెట్టాను, ఈసారి కుడివైపు.

"నాకు తెలిసింది చెప్తాను, వింటారా?" అన్నారాయన. "గ్రంథంలో ఆమె పేరు లేదు. కానీ ఆమె పరుగెత్తిన రెండు కొండల పేర్లూ ఉన్నాయి. అవి అల్లా చిహ్నాలని ఉంది. హజ్‌కి పోయినవాడు ఎంతటివాడైనా సరే, రాజైనా, పండితుడైనా, ఆ రెండు కొండల మధ్య ఆమె తిరిగినట్టు తిరగాల్సిందే. ఎవరూ తోడు లేని ఒక తల్లి కంగారు అది. దాన్ని అల్లా మనకు ఆరాధన చేశాడు."

"ఇదంతా మా అమ్మ చెప్పింది."

"నీళ్ళు వచ్చాక ఏమైందో చెప్పిందా?"

నేను దబ్బనం ఆపాను. మా అమ్మ కథ నీళ్ళ దగ్గర అయిపోయేది.

"నీళ్ళు పారిపోకుండా ఆమె మట్టితో చుట్టూ గట్టు కట్టింది. కొన్నాళ్ళకి ఒక తెగవాళ్ళు ఆ దారిన పోతూ, పక్షులు ఎగరడం చూసి అక్కడికి వచ్చారు. బోలెడుమంది. ఆమె ఒక్కతే, చేతిలో పిల్లాడు. వాళ్ళు ఆమె ముందు నిలబడి, మేం ఇక్కడ ఉండొచ్చా అని అడిగారు. ఉండండి, కానీ నీళ్ళ మీద హక్కు మీకు లేదు అంది. సరే అన్నారు. ఆ ఊరు అలా మొదలైంది."

ఆమె అలా అందా? ఒంటరిదై, చంకబిడ్డతో? నాకు ఆ మాట భలే నచ్చింది, నచ్చినందుకు ఒళ్ళు మండింది. మనసు మెత్తబడితే పని చెడుతుంది. "అయినా సకీనానే రాయండి" అన్నాను.

ఆయన రాశారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నా కుట్టు పూర్తయ్యాక పదిహేను ఖాయిదాలూ చంకన పెట్టుకుని లేస్తూ, "మీ అమ్మాయికి మీరే చెప్పండి. నా నోట వినకూడదు" అన్నారు. చెప్తానన్నాను.

చెప్పలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి పాప గుడ్డలు ఉతికాను. ఉతికినవే మళ్ళీ ఉతికాను. పొయ్యి తుడిచాను, గిన్నెలు బోర్లించాను, బోర్లించినవి వెల్లకిలా పెట్టాను. మా అమ్మాయి పాపకి పాలిస్తూ నన్నే చూస్తోంది. నోటిదాకా వచ్చిన మాట నోట్లోనే ఉండిపోయింది. నోట్లో నువ్వుగింజ నాననిదాన్ని, ఆ ఒక్క మాట రాత్రంతా నానబెట్టుకున్నాను.

ఏడో రోజు తెల్లారింది. అల్లుడు కుర్చీలు అరువు తేవడానికి వెళ్ళాడు. మంగలి వచ్చి పాప తల గొరిగి వెళ్ళాడు. ఆ నున్నటి గుండు మీద చెయ్యి వేసి చూస్తూ మా అమ్మాయి, "అమ్మా, ఒక్క నిమిషం కూర్చో" అంది.

"పనుంది."

"నువ్వెప్పుడూ ఇంతే. నిన్ను కూర్చోగా చూసింది ఆ కుట్టు బల్ల ఒక్కటే. కూర్చో."

మంచం అంచున కూర్చున్నాను.

"మూడో తరగతిలో ఫారం ఇచ్చారు, గుర్తుందా? తల్లి పేరు రాయమని. నేను బైండింగమ్మ అని రాశా. టీచరు పడీపడీ నవ్వింది. ఇంటికొచ్చి నీ పేరేంటని అడిగితే, తలుపు మూసొచ్చి చెప్పావు. దొంగతనం ఒప్పుకున్నట్టు చెప్పావమ్మా."

"చెప్పానుగా, అది చాలు."

"నిన్ను ఎవరైనా పేరు పెట్టి పిలవగా నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. అమ్మమ్మ ఉన్నప్పుడు కూడా 'అమ్మీ' అనేది. నువ్వే పిలవనివ్వలేదంట."

నిజమే. గుమ్మంలో నిలబడి నాలుగు రోజులన్నాడే, ఆ పేరు చివరిసారి పిలిచినవాడు ఆయనే. ఆ తర్వాత ఎవరు పిలిచినా నాకు ఆ గొంతే వినిపించేది. అందుకే వద్దన్నాను. మా అమ్మ పెట్టిన పేరుని మా అమ్మనే పిలవనివ్వలేదు.

"దీనికా పేరు వద్దంటున్నావు, దీన్నీ ఎవడో వదిలేస్తాడని. ఆయన వెళ్ళింది నీ పేరు వల్ల కాదమ్మా. ఆయన బుద్ధి వల్ల."

"నాకు తెలీదా?"

"తెలిస్తే మరి పేరునెందుకు శిక్షించావు?" అని నా చెయ్యి పట్టుకుంది. "ఆ కథ నువ్వెప్పుడూ నీ వైపు నుంచే చెప్తావు. అందులో నేను ఎవర్ని? ఆ బిడ్డని. నాకు దాహమంటే ఏంటో తెలీదు. ఫీజు కట్టలేదని బయట నిలబడింది లేదు, చిరిగిన బట్ట కట్టింది లేదు. పరుగంతా నీది, నీళ్ళన్నీ నావి. ఆ పేరు ఈ ఇంట్లో రోజూ వినపడాలి నాకు. అన్నం తిను హాజరా, అల్లరి చెయ్యకే హాజరా, చెప్పులేసుకో హాజరా అని. పొద్దున్నించి రాత్రిదాకా పిలుస్తా. ఆయన గొంతు అరిగిపోయేదాకా పిలుస్తా."

లేచి నిలబడ్డాను. కూర్చోవడం నా వల్ల కాలేదు. "నేను నిన్ననే వేరే పేరు చెప్పేశా" అన్నాను, గోడవైపు తిరిగి. "సకీనా. ఆయన రాసేసుకున్నారు."

అరుస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. నా కూతురు పాప మీద దుప్పటి సర్ది, "సరే. పెద్దదానివి, నీ ఇష్టం" అంది. అంతే. దాని జన్మలో అంత తొందరగా సరే అన్నది లేదు. ఆ 'సరే'ని నేను భరించలేకపోయాను.

చెప్పులు ఏ కాలివి ఏ కాలికి వేసుకున్నానో తెలీదు. మసీదు రెండు వీధుల అవతల. మౌల్వీగారిని దారిలోనే పట్టుకుని, కాగితం మార్పించేస్తే నలుగురిలో నోరు విప్పే పని ఉండదు. మందుల షాపు దాటాను, సైకిళ్ళ షాపు దాటాను. అటునుంచి వస్తూ కత్తిమామ ఎదురుపడి, "ఎక్కడికమ్మా, నేను మీ ఇంటికే వస్తుంటే!" అన్నాడు. ఆగకుండా పోయాను. మసీదు పక్క గదిలో పిల్లలు ఖాయిదాలు ముందేసుకుని ఊగుతూ చదువుతున్నారు. "మౌల్వీగారేరీ?" అంటే, "మీ ఇంటికే పోయారు బైండింగమ్మా" అని అందరూ ఒక్క గొంతుతో అరిచారు. అడ్డదారిన, డాక్టరు సందులోంచి పోయి ఉంటారు. నేను నేరుగా వచ్చాను.

మళ్ళీ పరుగు. నలభై ఏడేళ్ళ మోకాళ్ళు, అవి నా మాట వినవు. అయినా పరిగెత్తాను. ఒక్కటే మాట బుర్రలో తిరుగుతోంది. ఆయన చదివేస్తే ఇక తిరుగులేదు. నా కూతురు నన్ను అడిగింది ఒకే ఒక్కటి. దానికి అన్నీ ఇచ్చాననుకున్న నేను, ఆ ఒక్కటీ దొంగచాటుగా లాగేసుకున్నాను.

ఇంటి ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. లోపల కుర్చీలు నిండాయి. గుమ్మంలోకి వచ్చేసరికి మౌల్వీగారు దువా చదివి, ప్రార్థన ముగించి, ఒక చెయ్యి పాప గుండు మీద పెట్టి, రెండో చేత్తో కాగితం మడత విప్పుతున్నారు. పాప నిద్రపోతోంది. మా అమ్మాయి తల వంచుకుని ఉంది. వెళ్ళి ఆయన చెవిలో చెబుదామంటే మధ్యలో పదిమంది. మాట్లాడదామంటే ఊపిరి లేదు. ఆయన పెదవులు కదిలాయి.

"హాజరా!" అని అరిచాను.

నా గొంతు నేనే గుర్తుపట్టలేదు. వీధి చివరికి వినపడి ఉంటుంది. కుర్చీల్లో వాళ్ళంతా వెనక్కి తిరిగారు. అల్లుడి చేతిలో టీ ట్రే ఒరిగి రెండు గ్లాసులు దొర్లాయి. పాతికేళ్ళుగా నన్ను ఎరిగినవాళ్ళు కూడా ఎవర్నో పిలుస్తున్నాననుకుని నా వెనక వీధిలోకి చూశారు.

మౌల్వీగారు మాత్రం నావైపే చూశారు. "ఎవరమ్మా అది?" అన్నారు, అందరికీ వినపడేట్టు.

"నా పేరు" అన్నాను. ఊపిరి తీసుకున్నాను. "ఇవాళ్టి నుంచి నా మనవరాలిది."

ఆయన కాగితాన్ని మళ్ళీ మడిచి అల్లుడి చేతికిచ్చారు. "జాగ్రత్త చెయ్యి నాయనా, రెండో పాపకి పనికొస్తుంది" అంటే అందరూ నవ్వారు. నా కూతురు నవ్వలేదు. నన్నే చూస్తోంది. ఆయన వంగి, పాప తల మీద చెయ్యి ఉంచి, ఆ పేరు నెమ్మదిగా, స్పష్టంగా చదివారు.

నా అరుపుకు నిద్ర చెడిన పాప అప్పుడు ఏడుపు లంకించుకుంది. మా అమ్మాయి దాన్ని భుజాన వేసుకుని, వీపు నిమురుతూ, "ఏడవకు హాజరా, ఏడవకు. నేనున్నాగా" అంది.

నేను గుమ్మంలోనే కూలబడి, అందరూ చూస్తుండగా ఏడ్చాను.